మిస్టర్ డూ డిగ్ డగ్‌కి నకలు కాదు: బంతి లెక్క, ఆపిల్ లెక్క, విశాఖ ఉప్పుగాలి లెక్క

విశాఖ లాసన్స్ బే కాలనీలో మీరు పాత పీసీ మీద మిస్టర్ డూ అనే పాత ఆర్కేడ్ ఆట పెట్టుకున్నారు. చూస్తే డిగ్ డగ్ అనే ఇంకో ఆటకి నకల్లా ఉంది. రెండో స్క్రీన్ (లెవెల్) దాటకుండానే మూడు ప్రాణాలూ పోతున్నాయి. జాయ్‌స్టిక్ మలుపుల దగ్గర మాట వినట్లేదు, బటన్ ఒకోసారి పనిచేస్తోంది, ఒకోసారి లేదు. దీన్ని మెచ్చుకునేవాళ్లు ఏం చూసి మెచ్చుకుంటున్నారు, ఎలా ఆడాలి, సెటప్‌లో లోపం ఎక్కడ ఉందీ అన్నది మీ ప్రశ్న. ఆర్కేడ్ మెషీన్‌లోని ఒరిజినల్ సర్క్యూట్ బోర్డు కొనొచ్చా అని కూడా అడిగారు. అన్నిటికీ చెబుతాను. ఆట సంగతి ముందు, ఎందుకంటే మీరు పోగొట్టుకుంటున్న ప్రాణాల్లో సగం జాయ్‌స్టిక్ ఖాతాలోకి వెళ్లినా మిగతా సగం ఆటలో మీరు విసిరే బంతి ఖాతాలోవే అయి ఉంటాయి.

జపాన్ కంపెనీ యూనివర్సల్ 1982లో తెచ్చిన ఆట ఇది. రూపకర్త కజుతోషి ఉవెడా. నామ్కో వాళ్ల డిగ్ డగ్ కూడా అదే ఏడాదిది. మట్టి తవ్వడం, పైనుంచి బరువు (ఇందులో ఆపిళ్లు) పడేసి వెంటపడేవాళ్లని నలిపెయ్యడం రెండిట్లోనూ ఉంది కాబట్టి నకలన్న ముద్ర అప్పుడే పడింది. దానికితోడు యూనివర్సల్ దీన్ని కన్వర్షన్ కిట్‌గా అమ్మింది. అంటే పాత ఆట క్యాబినెట్‌లో బోర్డు మార్చి, పైన పేరు స్టిక్కర్ మార్చుకోవడమే. ఎవరిదో పెట్టెలో అద్దెకున్న ఆటకి సొంత రూపమంటూ జనం కళ్లలో నిలవలేదు. అంతే తప్ప ఆటలో నాణ్యత తక్కువై కాదు.

అసలు తేడా ఆయుధంలో ఉంది. డిగ్ డగ్‌లో గాలి పంపు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, కొట్టినన్నిసార్లు కొట్టొచ్చు. మిస్టర్ డూలో బంతి విసిరారంటే మీ చెయ్యి ఖాళీ. అది వాలుగా ఎగిరి, సొరంగం గోడలకి తగిలి తిరిగి తిరిగి ఎవరికో తగిలేదాకా మీకు రక్షణ లేదు. తగిలాక కూడా వెంటనే రాదు. ముక్కలుగా వచ్చి మీ చేతిలో మళ్లీ గుండ్రంగా కూడుకోవాలి. వాడిన ప్రతిసారీ ఆ కూడుకునే వ్యవధి పెరుగుతూ పోతుంది. ఇంకో చిక్కు: పడిన ఆపిల్ వెనక ఖాళీ సందులోకి బంతి దూరిందంటే అక్కడ కొట్టడానికి ఎవరూ ఉండరు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి. ఆట మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. బంతి విసరడమంటే ఖర్చుపెట్టడం.

మన వైపు వీడియో గేమ్ పార్లర్ అంటే ముస్తఫా. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌కి మనం పెట్టుకున్న పేరది. అక్కడ బటన్ ఎంత గట్టిగా, ఎంత తరచుగా కొడితే అంత లాభం. ఆ చేతివాటంతో మిస్టర్ డూ ఆడితే మొదటి నిమిషంలోనే మూడుసార్లు బంతి విసిరేస్తారు, నాలుగోసారి కావలసినప్పుడు అది చేతిలో ఉండదు. రెండో స్క్రీన్ దగ్గర ఆట ముగిసిపోవడానికి మామూలు కారణం ఇదే.

స్క్రీన్ ముగియడానికి నాలుగు దారులున్నాయి: చెర్రీలన్నీ తినెయ్యడం, ఎర్ర రాక్షసులందర్నీ చంపెయ్యడం, పైన ఉన్న ఎక్స్‌ట్రా (EXTRA) అన్న మాటలోని అయిదు ఇంగ్లీషు అక్షరాలూ పూర్తి చెయ్యడం, వజ్రం పట్టుకోవడం. ఆడేవాడి తెలివి కనబడేది ఈ నాలుగింట్లో ఏది ఎప్పుడు ఎంచుకున్నాడన్న దాంట్లోనే. 1982 నాటి ఆటల్లో ఇంత ఎంపిక ఇచ్చినవి చాలా తక్కువ.

పాయింట్లు చూస్తే ఎంపిక ఎలా చెయ్యాలో తెలుస్తుంది. చెర్రీకి 50. చెర్రీలు ఎనిమిదేసి గుంపులుగా ఉంటాయి, ఒక గుంపుని మధ్యలో ఆగకుండా తినేస్తే 500 బోనస్. అంటే గుంపు మొత్తానికి 900. బంతితో ఒక రాక్షసుణ్ని కొడితే 500. అదే రాక్షసుడి మీద ఆపిల్ పడేస్తే 1000, ఒకే ఆపిల్ కింద ఇద్దరు పడితే 2000, ముగ్గురైతే 4000. ముగ్గుర్ని మూడు బంతులతో కొట్టి 1500 తెచ్చుకున్నవాడు 2500 నష్టపోయాడు, పైగా బంతి తిరిగొచ్చే సమయాన్ని మూడు మెట్లు పెంచుకున్నాడు. ప్రతి 5000కి ఒక అక్షర రాక్షసుడు (ఒంటి మీద ఎక్స్‌ట్రాలోని ఒక అక్షరం ఉన్నవాడు, చంపితే ఆ అక్షరం మీది) బయటికొస్తాడు కాబట్టి, ముగ్గురి ఆపిల్ ఒకటి, తెగకుండా తిన్న చెర్రీ గుంపు ఒకటి కలిపితే 4900. ఇంకో రెండు చెర్రీలతో అక్షరం దిగుతుంది.

ఆపిల్ పద్ధతి ఇది. నిలువు సొరంగం పైఅంచుకి పక్కనే ఉన్న ఆపిల్‌ని ముందు చూసుకోండి. లేకపోతే ఆపిల్‌కి ఒక గడి ఎడంగా మీరే నిలువుగా తవ్వండి. పొడవు ఎంత ఉంటే అంత మంచిది, ముగ్గురు వరసగా పట్టాలి కదా. ఆ సొరంగం అడుగున తిరుగుతూ రాక్షసుల్ని మీ వెనక పడనివ్వండి. వాళ్లు దారి వెతుక్కుంటూ మీ వైపే వస్తారు, తొందరపడక్కర్లేదు. వాళ్లు లోపలికి వచ్చాక మీరు పైకి ఎక్కి, ఆపిల్ అవతలి పక్కకి చేరి, సొరంగం వైపు నెట్టండి. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, మొదటివాడు దగ్గరికి రాగానే నెట్టెయ్యడం. వెనకవాళ్లిద్దరూ ఇంకా అడ్డ సొరంగంలోనే ఉంటారు, 4000 కాస్తా 1000 అవుతుంది. రెండు, ఆపిల్ కిందనుంచి తవ్వి అదే నిలువులో ఉండిపోవడం. ఆపిల్ కాసేపు ఊగి అప్పుడు పడుతుంది. ఆ ఊపు కనబడగానే పక్కకి తిరగాలి. నిలువుగా దిగుతూ దాన్ని దాటిపోదామనుకోకండి.

తన ఎత్తు కంటే ఎక్కువ దూరం పడిన ఆపిల్ పగిలి మాయమవుతుంది. తక్కువ పడితే అలాగే నిలుస్తుంది. ఈ చిన్న తేడాని వాడుకోవచ్చు: ఒక్క గడి కిందికి దింపిన ఆపిల్ సొరంగానికి తలుపులా అడ్డం నిలుస్తుంది. కానీ రాక్షసులు కూడా ఆపిల్‌ని నెట్టగలరు. వాళ్లు మీకు పైనున్న సొరంగంలో ఉంటే, మధ్యలో ఆపిల్ ఉంటే, కింద నిలబడొద్దు.

బంతి విషయంలో పాటించాల్సింది ఒకటే. సన్నటి, చిన్న సందులో, దగ్గర్నుంచి కొట్టండి. సందు సన్నగా ఉంటే బంతి ఎటు పోతుందో ముందే తెలుస్తుంది. అడ్డదిడ్డంగా తవ్వి పెద్ద మైదానం చేసుకున్నారంటే అది గోడ నుంచి గోడకి తిరుగుతూ ఎప్పటికి తగులుతుందో చెప్పలేం. అందుకే అనుభవమున్నవాడి స్క్రీన్‌లో అక్కర్లేని తవ్వకం కనబడదు. చెర్రీల కోసం తవ్విన వరసలు, ఆపిల్ కోసం తవ్విన నిలువులు, అంతే. పూర్తిగా ఇరుక్కున్నప్పుడు మొదటి బంతి వాడుకోండి, సిగ్గేం లేదు, అది త్వరగానే తిరిగొస్తుంది. నాలుగోది మాత్రం బతిమాలినా రాదు.

చెర్రీలు తినేటప్పుడు చెవి ఉపయోగపడుతుంది. ఒక్కో చెర్రీకి ఒక్కో స్వరం పైకి వెళ్తుంది, స నుంచి పై స దాకా ఎనిమిది మెట్లు. మధ్యలో ఆగితే వరస తెగి స్వరం మళ్లీ మొదటికొస్తుంది. గుంపు నాలుగేసి చొప్పున రెండు వరసలు కాబట్టి, ఒక వరస వెంట వెళ్లి రెండో వరస వెంట వెనక్కి రావాలి. మొదలుపెట్టే ముందే చూసుకోండి: ఆ దారికి పైన ఆపిల్ ఉందా, తిరిగొచ్చే కొసలో ఎవరైనా ఎదురొస్తారా అని. సందేహం ఉంటే గుంపు ముట్టుకోకండి. అయిదు చెర్రీలు తిని మూడు వదిలేసిన గుంపుకి ఇక బోనస్ రాదు.

రాక్షసులు స్క్రీన్ నడిమధ్య నుంచి ఒకరి తర్వాత ఒకరు పుడతారు. అందరూ పుట్టాక అదే చోట తినుబండారం ఒకటి కనబడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. దాన్ని తింటే ఎర్ర రాక్షసులంతా బిగుసుకుపోతారు, కానీ ముట్టుకుంటే చంపుతారు; విగ్రహాలు కదా అని పక్కనుంచి రాసుకుంటూ వెళ్లకూడదు. అదే సమయంలో అక్షర రాక్షసుడు, వాడితోపాటు ముగ్గురు నీలం రాక్షసులు దిగుతారు. వీళ్లు ఆపిళ్లు తినేస్తారు, కాబట్టి వీళ్ల మీద ఆపిల్ వ్యూహం చాలాసార్లు ఫలించదు. ఇన్నాళ్లూ దాచుకున్న బంతి పనికొచ్చేది ఇప్పుడు. ముందు అక్షరాన్నే కొట్టండి: వాడు చస్తే మిగిలిన నీలం వాళ్లు ఆపిళ్లయిపోతారు. అలా నిలువు సొరంగంలో పుట్టిన ఆపిల్ గాల్లో ఆగదు, అడుగున మీరు ఉండకుండా చూసుకోండి. బంతి చేతిలో లేనప్పుడు ఆ తినుబండారం జోలికి వెళ్లడం శుద్ధ దండగ.

అయిదు అక్షరాలూ పూర్తయితే అదనపు ప్రాణం వస్తుంది, స్క్రీన్ కూడా ముగుస్తుంది. అందుకని నాలుగు అక్షరాలు చేతిలో ఉన్నప్పుడు కష్టమైన స్క్రీన్‌లో అయిదోదాన్ని కొట్టడం తెలివైన పని, తేలికైన స్క్రీన్‌లో కొట్టడం పాయింట్లు పారబోసుకోవడం. వజ్రం అదృష్టం కొద్దీ ఆపిల్ పడ్డప్పుడు అరుదుగా కనబడుతుంది, కొన్ని సెకన్లలో పట్టుకుంటే ఒక క్రెడిట్, అంటే ఇంకో ఆట, ఉచితం. దానికోసం ప్లాన్ వేసుకోలేం, కనబడితే మాత్రం చేస్తున్న పని ఏదైనా వదిలి పరుగెత్తండి.

రాక్షసులు అప్పుడప్పుడు రంగులు మారి మట్టి తవ్వుకుంటూ అడ్డదారిన వస్తారు. కాసేపే. ఆ కాసేపు వాళ్ల దారికి అడ్డంగా తప్పుకోండి చాలు. తవ్వే తొందరలో ఆపిల్ కిందనుంచి తవ్వి తామే నలిగిపోవడం తరచూ జరుగుతుంది.

ఇక సెటప్. ఈ ఆటకి కావలసింది నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్, ఒక్క బటన్. మీ దగ్గరున్నది ఎనిమిది దిక్కులది అయి ఉంటుంది. పైకి వెళ్తూ కుడికి తిరిగే క్షణంలో అది రెండు స్విచ్‌లనీ కలిపి నొక్కుతుంది. మూలదిశ అంటూ ఈ ఆటలో లేదు కాబట్టి ప్రోగ్రాం రెంటిలో ఒకటి పట్టించుకుంటుంది, అది మీరనుకున్నది కాకపోవచ్చు. మాట వినట్లేదన్నది దీన్నే. జాయ్‌స్టిక్ అడుగున చతురస్రం బెజ్జం ఉన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. సాన్వా కంపెనీ జేఎల్ఎఫ్ మోడల్ లాంటి స్టిక్‌లలో దాన్ని విప్పి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులదైపోతుంది, ఖర్చు లేదు. కొన్ని చవక రకాల్లో పలక తిరగదు. అప్పుడు విడిగా నాలుగు దిక్కుల స్టిక్ కొనుక్కోవడమే. పాత ఆర్కేడ్ ఆటల్ని పీసీలో నడిపే మేమ్ ఎమ్యులేటర్ తనవంతుగా దిక్కుల్ని సర్దుతుంది, కానీ చేతికి గట్టిగా తగిలే మూల లేకపోతే తొందరలో తప్పు పడుతూనే ఉంటుంది.

పెట్టె చేయించుకునేటట్టయితే వడ్రంగికి ఈ కొలతలు ఇవ్వండి: బటన్‌కి 30 మిల్లీమీటర్ల బెజ్జం, స్టిక్ కర్రకి 24. ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లదైతే మరతో బిగించే బటన్లే కొనాలి. నొక్కితే టక్కున పట్టుకునే రకం పలచని రేకు కోసం చేసింది, మందమైన చెక్కలో నిలవదు. జేఎల్ఎఫ్ కర్ర కూడా 12 మిల్లీమీటర్ల చెక్క కింద బిగిస్తే పైకి పొట్టిగా కనబడుతుంది. కింద వైపు చెక్కని గాడి తీసి పలచన చేయించండి. ఆట బటన్ ఒకటి, కాయిన్, స్టార్ట్ - మొత్తం మూడు చాలు. ఆరు బటన్లు పెట్టించుకుంటే అందం తప్ప ఉపయోగం లేదు.

మానిటర్ నిలువుగా తిప్పాలి. తిప్పాక ఈ ఆట బొమ్మ 192 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 240 చుక్కల ఎత్తు. పాత 17 అంగుళాల 1280 బై 1024 ఎల్‌సీడీ దీనికి అచ్చంగా సరిపోతుంది: నిలువుగా తిప్పితే 1024 బై 1280 అవుతుంది, అందులో అయిదు రెట్లు పెంచిన 960 బై 1200 బొమ్మ ఏ చుక్కా చెదరకుండా పడుతుంది. అప్పటి ట్యూబ్ మానిటర్ నిష్పత్తి మూడుకి నాలుగు కాబట్టి, ఆకారం సరిగ్గా కావాలంటే 960 బై 1280 పెట్టండి, అంచులు కొంచెం మసకబారతాయి. మా ఓటు మొదటిదానికే. అడ్డంగా ఉన్న పెద్ద టీవీలో ఆడితే బొమ్మ మధ్యలో ఇరుక్కుంటుంది, టీవీలో గేమ్ మోడ్ పెట్టకపోతే ఆలస్యం కూడా తోడవుతుంది. ఆపిల్ ఊపు చూసి తప్పుకోవాల్సిన ఆటలో ఆ ఆలస్యం ప్రాణాంతకం.

ఆట సెట్టింగుల్లో కష్టం నాలుగు మెట్లు, ప్రాణాలు రెండు నుంచి అయిదు దాకా. మామూలు మూడు ప్రాణాలతోనే నేర్చుకోండి. స్పెషల్, ఎక్స్‌ట్రా అన్న రెండు స్విచ్‌లు వజ్రానికీ అక్షరాలకీ సంబంధించినవి, తేలిక వైపే ఉంచండి. పరీక్షల కోసం పెట్టిన ర్యాక్ టెస్ట్ అన్న స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకోండి. మిస్టర్ లో, మిస్టర్ డు లాంటి పేర్లతో దొంగ కాపీలూ తిరుగుతున్నాయి, యూనివర్సల్ అసలుదే పెట్టుకోండి.

బటన్ ఒకోసారి పనిచేసి ఒకోసారి చెయ్యకపోవడం సముద్రం పని. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఆర్కే బీచ్ వైపు ఫ్లాట్లలో సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంచితే ఉప్పు చెమ్మ లోపలి దాకా వస్తుంది. మధురవాడ లోపలి వైపు కాస్త నయం. మైక్రోస్విచ్ కాళ్లకి తొడిగే క్లిప్పుల దగ్గర చిలుము పడుతుంది, పచ్చగా కనబడుతుంది. ముందు క్లిప్పులన్నీ పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వదులైనవాటిని ప్లయర్‌తో కొద్దిగా నొక్కి మళ్లీ తొడగండి. అప్పటికీ బాగవకపోతే మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి స్విచ్ నొక్కి చూడండి. నొక్కిన ప్రతిసారీ బీప్ రాకపోతే లోపలి కాంటాక్ట్ పోయింది. మైక్రోస్విచ్ చవక, బాగుచేసే శ్రమ దండగ, మార్చెయ్యండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం కొట్టొద్దు, అది దుమ్ముని పట్టుకుని రెండు నెలల్లో జిగురవుతుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు నాలుగు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండండి. ఆడనప్పుడు ప్లాస్టిక్ కవర్ బిగించి కట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, నూలు గుడ్డ మేలు.

ఒరిజినల్ బోర్డు కొనాలన్న ఆలోచన ఉంటే ఇవి తెలుసుకోండి. జెడ్80 ప్రాసెసర్ 4.1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, ప్రోగ్రాం 32 కిలోబైట్లు. ఆర్కేడ్ బోర్డులకి తీగలు కలిపే ఉమ్మడి పద్ధతి అయిన జామా కనెక్టర్ 1985లో వచ్చింది, ఇది అంతకుముందుది, కాబట్టి జామా తీగలకి నేరుగా తగలదు, అడాప్టర్ కావాలి. వీడియో 15 కిలోహెర్ట్జ్ స్థాయిలో వస్తుంది, పీసీ మానిటర్ దాన్ని పట్టుకోదు. జీబీఎస్-8200 లాంటి మార్పిడి బోర్డు మధ్యలో పెట్టాలి. 5 వోల్టుల సరఫరాని పవర్ సప్లై దగ్గర కాదు, బోర్డు అంచు దగ్గర కొలవండి. అక్కడ 4.75 కంటే తగ్గితే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది, బొమ్మల్లో చెత్త కనబడుతుంది. అలాగని వెంటనే సప్లై స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచకండి. చాలాసార్లు చిలుము పట్టిన అంచు దగ్గర పడిపోతున్న వోల్టేజీ అది. అంచుని తుడిచి, సాకెట్లలోని చిప్పుల్ని ఒకసారి పైకి లేపి మళ్లీ కూర్చోబెట్టి అప్పుడు కొలవండి. 5.25 దాటించకూడదు.

ఈ బోర్డు మీద కాపీలు ఆపడానికి యూనివర్సల్ ప్యాల్ అనే రకం రక్షణ చిప్ ఒకటి పెట్టింది. ప్రోగ్రాం దాన్ని అడిగిన విలువ తిరిగి రాకపోతే ఆట ఆగదు, స్క్రీన్ తుడుచుకోవడం మానేస్తుంది. అంటే టైటిల్ మామూలుగానే వస్తుంది, పాత బొమ్మల మీద కొత్తవి పేరుకుంటాయి. ర్యామ్ పోయిందనుకుని చిప్పులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. అమ్మేవాళ్లు టైటిల్ స్క్రీన్ ఫోటో పంపితే ఒప్పుకోకండి. కనీసం మొదటి స్క్రీన్ ముగించి రెండోది మొదలయ్యేదాకా ఆడిన వీడియో, బోర్డు అంచు దగ్గర మల్టీమీటర్ రీడింగ్ కనబడేలా పంపమనండి.